ఒకే కిడ్నీ, వాసన తెలియని ముక్కు, ఇంకా మారని గొంతు: వీటికి సంబంధం ఉందా?

ప్రశ్న: డాక్టర్ గారూ, మేము బెంగళూరు మారతహళ్లిలో ఉంటాం, సొంతూరు హిందూపురం. మా బాబుకి వచ్చే నెలకి పద్నాలుగు నిండుతాయి. వాడు కడుపులో ఉన్నప్పుడే టిఫా స్కాన్‌లో ఎడమ కిడ్నీ కనపడలేదన్నారు, పుట్టాక చూసినా అదే తేలింది. కుడిది బాగా పనిచేస్తోంది. బీజాలు రెండూ కిందికి దిగకపోతే రెండో ఏట ఆపరేషన్ చేయించాం. ఇప్పుడు వాడి క్లాసు పిల్లలందరికీ గొంతులు మారి నూనూగు మీసాలు వస్తున్నాయి, వీడు మాత్రం ఐదో తరగతి పిల్లాడిలాగే ఉన్నాడు. మా అత్తగారు "వాళ్ల నాన్న కూడా ఇంటర్‌కి వచ్చాకే పొడుగయ్యాడు, కంగారెందుకు" అంటారు. ఇంకో సంగతి, వీడికి వాసనలు తెలియవు. స్టవ్ మీద పాలు మాడిపోతున్నా పక్కనే కూర్చుని చదువుకుంటూ ఉంటాడు. మా తమ్ముడికీ అంతే కాబట్టి మా పుట్టింటి వరస అనుకుని వదిలేశాం. తమ్ముడికి ముప్పై ఆరేళ్లు, పెళ్లై ఆరేళ్లైంది, పిల్లలు లేరు, గడ్డం కూడా సరిగ్గా రాదు. కౌంట్ సున్నా అని చెప్పి దాత వీర్యంతో ప్రయత్నించమన్నారట. ఇవన్నీ ఒకదానికొకటి ముడిపడి ఉన్నాయేమో అని నాకు టెన్షన్‌గా ఉంది. తొమ్మిదేళ్ల పాప కూడా ఉంది. ఇంకా ఆగాలా, చూపించాలా?

జవాబు: ఆగొద్దమ్మా, చూపించండి. ఇది రాత్రికి రాత్రి ఆసుపత్రికి పరిగెత్తే ఎమర్జెన్సీ కాదు, కానీ ఈ నెలలోనే పిల్లల హార్మోన్ల డాక్టర్, అంటే పీడియాట్రిక్ ఎండోక్రినాలజిస్ట్ దగ్గరికి తీసుకెళ్లండి. వెళ్లేటప్పుడు బాబు పాత ఫైళ్లు అన్నీ, టిఫా స్కాన్ రిపోర్టు, బీజాల ఆపరేషన్ డిశ్చార్జ్ కాగితం, కిడ్నీ స్కాన్లు, వీలైతే మీ తమ్ముడి రిపోర్టులు కూడా ఒకే కవర్లో పెట్టుకుని వెళ్లండి. ఇన్నేళ్లూ జరిగిందేమిటంటే కిడ్నీ సంగతి కిడ్నీ డాక్టర్ చూశారు, బీజాల సంగతి సర్జన్ చూశారు, వాసన సంగతి ఎవరూ చూడలేదు, తమ్ముడి సంగతి వేరే ఊళ్లో వేరే సెంటర్ చూసింది. ఎవరి పని వాళ్లు సరిగ్గానే చేసి ఉంటారు, కాకపోతే నాలుగు కాగితాలూ ఒకే బల్ల మీదికి ఎప్పుడూ రాలేదు. వాటిని మొదటిసారి ఒకచోట పెట్టింది మీ ఉత్తరమే.

మీరు రాసిన నాలుగు సంగతులూ కలిపి చూస్తే నాకు ముందుగా తట్టేది కాల్‌మన్ సిండ్రోమ్, అంటే వాసన తెలియకపోవడం, యుక్తవయసు దానంతట అది మొదలవకపోవడం కలిసి కనిపించే పుట్టుకతో వచ్చే సమస్య. ఉత్తరం చదివి జబ్బు పేరు ఖాయం చేసే అలవాటు నాకు లేదు, చేయకూడదు కూడా. కానీ ఒక వైపు కిడ్నీ లేకపోవడం, బీజాలు దిగకపోవడం, పుట్టుకతోనే వాసన తెలియకపోవడం, తల్లి తోబుట్టువులో కూడా అదే వాసన సమస్యతో పాటు సంతానం లేకపోవడం, ఈ వరస చూశాక ఇంకో రెండేళ్లు చూద్దామని చెప్పే ఎండోక్రినాలజిస్ట్ నాకు తెలిసి ఉండరు.

ఇది చదువుతున్న మిగతా తల్లిదండ్రులు భయపడేలోపు ఒక మాట. ఒకే కిడ్నీతో పుట్టడం అంత అరుదేమీ కాదు, సుమారు వెయ్యి నుంచి రెండు వేల మంది పిల్లల్లో ఒకరికి ఉంటుంది. వాళ్లలో ఎక్కువమంది మామూలుగా ఎదుగుతారు, మామూలుగానే వయసుకు వస్తారు, కొందరికైతే పెద్దయ్యాక వేరే దేనికో స్కాన్ తీస్తేగానీ ఆ సంగతే తెలియదు. కాల్‌మన్ మాత్రం చాలా అరుదు, మగవాళ్లలో సుమారు 30 వేల మందికి ఒకరు అంటారు. కాబట్టి ఒకే కిడ్నీ అనగానే కాల్‌మన్ అనుకోవద్దు. ఒకే కిడ్నీతో పాటు ఇంకేదైనా ఉందా అని చూడండి, నేను చెప్పేది అంతే.

అసలు కిడ్నీకీ ముక్కుకీ మీసాలకీ ఏం సంబంధం అని మీకు అనిపించడం సహజం. యుక్తవయసు మొదలవ్వాలంటే మెదడులో హైపోథాలమస్ అనే చోట ఉండే కొన్ని నాడీకణాలు జీఎన్‌ఆర్‌హెచ్ అనే హార్మోన్‌ని విడతలు విడతలుగా వదలాలి. దాంతో మెదడు కింద ఉండే పిట్యూటరీ గ్రంథి మేలుకుని ఎల్‌హెచ్, ఎఫ్‌ఎస్‌హెచ్ అనే రెండు హార్మోన్లని పంపుతుంది, వాటివల్ల వృషణాలు, అంటే బీజాలు, టెస్టోస్టిరాన్ అనే మగ హార్మోన్ తయారుచేస్తాయి. విచిత్రం ఏమిటంటే ఆ నాడీకణాలు మెదడులో పుట్టవు. పిండం దశలో ముక్కు ఏర్పడే చోట పుట్టి, వాసన నరాల పోగుల వెంట నడుచుకుంటూ మెదడులోకి వెళ్తాయి. పట్టాలు వేయని దారిలో రైలు ఎలా పోదో, వాసన నరాలు సరిగ్గా పెరగకపోతే ఈ కణాలు కూడా అలాగే మధ్యలో ఆగిపోతాయి. అందుకే వాసనా ఉండదు, యుక్తవయసు మొదలుపెట్టే సంకేతమూ ఉండదు. ఇక ఆ నరాలకి దారి చూపించే ప్రొటీన్లలో ఒకటి అనోస్‌మిన్. దాన్ని తయారుచేసే జీన్ ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉంది, 1991లో కనుక్కున్నారు. అదే ప్రొటీన్ దాదాపు అదే వారాల్లో కిడ్నీ మొగ్గ తొడిగే దగ్గర కూడా పనిచేస్తుంది. ఆ జీన్‌లో లోపం ఉన్న మగవాళ్లలో సుమారు మూడోవంతు మందికి ఒక వైపు కిడ్నీ ఉండదు. అంటే మీ బాబు కడుపులో ఉన్నప్పుడు స్కాన్‌లో కనపడని ఆ ఎడమ కిడ్నీ, పద్నాలుగేళ్ల తర్వాత బయటపడబోయే సంగతికి మొదటి గుర్తు అయి ఉండొచ్చు.

ఇది కొత్తగా కనిపెట్టిన జబ్బేమీ కాదు. మెదడులో వాసన నరాలు చేరే ముడులు లేకుండా, జననాంగాలు ఎదగకుండా ఉన్న ఒక మనిషి గురించి మాస్ట్రే దె సాన్ హువాన్ అనే స్పెయిన్ వైద్యుడు 1856లోనే రాశాడు. 1944లో ఫ్రాంజ్ కాల్‌మన్ ఇది కుటుంబాల్లో దిగుతుందని చూపించాడు, అందుకే ఆయన పేరు పెట్టారు.

డాక్టర్ దగ్గరికి వెళ్లేలోపు ఇంట్లో మీరే రెండు విషయాలు చూడొచ్చు. మొదటిది వాసన. కళ్లు మూయించి కాఫీ పొడి, ఇంగువ డబ్బా, మల్లెపూలు, ఒక్కొక్కటీ ముక్కు దగ్గర పెట్టి ఏమిటో చెప్పమనండి, మధ్యలో ఖాళీ డబ్బా కూడా ఒకటి పెట్టండి. అమృతాంజనం, కర్పూరం, కోసిన ఉల్లిపాయ మాత్రం పెట్టొద్దు. అవి ముక్కులో చురుక్కుమనిపిస్తాయి, ఆ చురుకు తెలిసేది వాసన నరంతో కాదు, మొహానికి స్పర్శ ఇచ్చే వేరే నరంతో. "అమృతాంజనం పెడితే తెలిసిందండీ, వాసన బాగానే ఉంది" అని ఇంటికి పంపించేసిన పిల్లల్ని నేను చూశాను, అందుకే ఇంత వివరంగా చెప్తున్నాను. ఇంకో సంగతి, పుట్టుకతో వాసన తెలియని పిల్లలు ఆ విషయం వాళ్లంతట వాళ్లు చెప్పరు. వాసన అంటే ఏమిటో వాళ్లకి తెలిస్తే కదా. తీపి, పులుపు, ఉప్పు, కారం నాలుకకి తెలుస్తాయి కాబట్టి తిండి దగ్గర ఏ తేడా కనపడదు. చిన్నప్పటి నుంచి సైనస్ అనో, ముక్కు దిబ్బడ అనో ఇంట్లోవాళ్లు ఏదో పేరు పెట్టేస్తారు.

రెండోది చేతులు. కుడిచేతి బొటనవేలితో మిగతా నాలుగు వేళ్లనీ ఒక్కొక్కటిగా త్వరత్వరగా ముట్టుకోమనండి, ఎడమచెయ్యి ఊరికే బల్ల మీద పెట్టమనండి. ఎడమచేతి వేళ్లు కూడా వాటంతటవే అదే పని చేస్తుంటే గమనించండి. బాగా చిన్నపిల్లల్లో ఇది కాస్త మామూలే, పదేళ్లు దాటిన పిల్లాడిలో స్పష్టంగా కనపడితే మాత్రం డాక్టర్‌కి చెప్పాల్సిన గుర్తు. అనోస్‌మిన్ జీన్ లోపం ఉన్నవాళ్లలో చాలామందికి ఇది ఉంటుంది. కుడిచేత్తో రాస్తుంటే ఎడమచేతి వేళ్లు కదలడం, షర్టు గుండీలు పెట్టుకోవడానికి ఇబ్బంది పడటం, ఇలాంటివి మీకే గుర్తుకు రావొచ్చు. దీంతో పాటు వినికిడి సరిగ్గా ఉందా, పళ్లు అన్నీ వచ్చాయా, పుట్టినప్పుడు పెదవి గానీ అంగిలి గానీ చీలి ఉందా అని కూడా అడుగుతారు. ఈ సమస్యకి కారణమయ్యే జీన్లు చాలానే ఉన్నాయి, వేరే జీన్లలో లోపం ఉంటే ఈ గుర్తులు కనిపిస్తాయి.

ఇప్పుడు మీ అత్తగారి మాట. ఆవిడ చెప్పింది తప్పు కాదమ్మా. మగపిల్లలు ఆలస్యంగా వయసుకు రావడానికి అన్నిటికంటే ఎక్కువగా కనిపించే కారణం ఆ ఇంటి తీరే, నాన్న ఆలస్యంగా ఎదిగితే కొడుకూ ఆలస్యంగా ఎదుగుతాడు, కాస్త ఆగితే అన్నీ సర్దుకుంటాయి. లెక్క ప్రకారం కూడా 14 ఏళ్లు నిండినా వృషణాల పరిమాణం 4 మి.లీ.కి చేరకపోతేనే ఆలస్యం అంటాం, మీవాడికి ఆ గడువు ఇంకా దాటలేదు. కాబట్టి ఒకే కిడ్నీ, దిగని బీజాలు, వాసన సమస్య లేని పిల్లాడి గురించి మీరు ఇదే ఉత్తరం రాసి ఉంటే నేనూ అత్తగారి పక్షమే ఉండేవాణ్ని. కానీ నాన్న ఇంటర్‌లో పొడుగవ్వడం మీసాలు ఆలస్యం కావడానికి సమాధానం చెప్తుంది గానీ, కిడ్నీకి చెప్పదు, బీజాలకి చెప్పదు, మాడిన పాల వాసనకి అసలే చెప్పదు.

అక్కడికి వెళ్లాక ఏం జరుగుతుందంటే, ముందు ఎత్తు బరువు చూస్తారు, చేతుల పొడవు కొలుస్తారు, ఆర్కిడోమీటర్ అని అండాకారపు పూసలు గుచ్చిన దండ ఒకటి ఉంటుంది, దాంతో వృషణాల పరిమాణం పోల్చి చూస్తారు. ఎడమచేతి మణికట్టు ఎక్స్‌రే తీసి ఎముకల వయసు ఎంతో చూస్తారు. పొద్దున్నే రక్తం తీసి ఎల్‌హెచ్, ఎఫ్‌ఎస్‌హెచ్, టెస్టోస్టిరాన్, వీలైతే వృషణాలు వదిలే ఇన్‌హిబిన్ బి అనే ఇంకో హార్మోన్ చూస్తారు. ఎంఆర్‌ఐలో వాసన నరాల ముడులు ఉన్నాయో లేదో చూస్తారు. ఇక్కడ ఒక చిక్కు ఉంది, ముందే తెలిస్తే తర్వాత గందరగోళపడరు. ఈ వయసులో, ఇంకా యుక్తవయసు మొదలవని పిల్లాడికి ఎల్‌హెచ్, టెస్టోస్టిరాన్ తక్కువే ఉంటాయి, అది నాన్న పోలికైనా సరే, కాల్‌మన్ అయినా సరే. రిపోర్టు చేతికి రాగానే తక్కువ అని చూసి ఏడవొద్దు, పర్లేదు అని ఊరుకోవద్దు. ఇన్‌హిబిన్ బి మరీ తక్కువగా ఉంటే కాల్‌మన్ వైపు మొగ్గుతుంది, ఎంఆర్‌ఐలో ముడులు లేకపోతే ఇంకా మొగ్గుతుంది. ఒక్క రక్తపరీక్షతో మాత్రం తేలే విషయం కాదు.

అందుకే నేను చెప్పబోయేది మీకు వింతగా అనిపించొచ్చు. బాబుతో పాటు, కుదిరితే బాబుకంటే ముందే, మీ తమ్ముడికి పరీక్షలు చేయించండి. ముప్పై ఆరేళ్ల మగవాడికి టెస్టోస్టిరాన్ బాగా తక్కువగా ఉండి, దానికి తగ్గట్టు పెరగాల్సిన ఎల్‌హెచ్, ఎఫ్‌ఎస్‌హెచ్ పెరగకుండా కింద పడి ఉంటే, పైగా పుట్టుకతో వాసన లేకపోతే, ఇక సందేహానికి చోటు చాలా తక్కువ. పద్నాలుగేళ్ల పిల్లాడిలో తేల్చుకోలేని విషయం మేనమామలో ఒక్క పూటలో తేలిపోవచ్చు. ఆయనకి కడుపు స్కాన్ కూడా తీయించండి, కిడ్నీలు రెండూ ఉన్నాయో లేదో ఆయనకే తెలిసి ఉండకపోవచ్చు.

ఇది బాబు కోసం మాత్రమే కాదు. కౌంట్ సున్నా అనగానే దాత వీర్యం అన్నారని రాశారు. అంతకుముందు ఈ హార్మోన్ పరీక్షలు చేశారా లేదా మీరు రాయలేదు, చేయకపోతే వెంటనే చేయించండి, ఆ దాత ప్రయత్నం అప్పటిదాకా ఆపండి. ఎందుకంటే కౌంట్ సున్నా కావడానికి ఉన్న కారణాల్లో మందులతో బాగయ్యే అవకాశం ఉన్న కొద్ది కారణాల్లో ఇదొకటి. వృషణాలకి పైనుంచి సంకేతం రావడం లేదు, అంతే. ఆ సంకేతాన్ని హెచ్‌సీజీ (ఎల్‌హెచ్ లాగే పనిచేసే హార్మోన్), ఎఫ్‌ఎస్‌హెచ్ ఇంజెక్షన్ల రూపంలో ఇస్తే చాలామందిలో వీర్యకణాలు తయారవుతాయి. నెలలు పడుతుంది, కొందరికి ఏడాది నుంచి రెండేళ్లు కూడా పట్టొచ్చు, కౌంట్ మామూలు స్థాయికి రాకపోయినా గర్భం రావడానికి సరిపోయిన సందర్భాలు ఎన్నో ఉన్నాయి. చిన్నప్పుడు రెండు వైపులా బీజాలు దిగకుండా ఉండి ఉంటే అవకాశం తగ్గుతుంది, అది దాచను. ఇంకో జాగ్రత్త, ఎవరైనా గడ్డం కోసమనో నీరసానికనో నేరుగా టెస్టోస్టిరాన్ ఇంజెక్షన్ మొదలుపెడితే అది గడ్డాన్నీ గొంతునీ కండనీ ఇస్తుంది గానీ వీర్యకణాల్ని ఇవ్వదు. పిల్లలు కావాలనుకుంటున్న సమయంలో వేరే దారి, అది అయ్యాక టెస్టోస్టిరాన్, ఈ వరస ముందే మాట్లాడుకోవాలి. ఎముకల బలం పరీక్ష కూడా చేయించమనండి, ఇన్నేళ్లు టెస్టోస్టిరాన్ లేకపోతే ఎముకలు పలచబడతాయి. ఈ విషయం తమ్ముడితో ఫోన్లో అందరి ముందూ మాట్లాడకండి. ఆయన ఇన్నేళ్లుగా ఎన్ని మాటలు పడి ఉంటాడో మీకే తెలుసు. వీలైతే మీ మరదలు కూడా ఉన్నప్పుడు, ఇద్దరికీ కలిపి చెప్పండి.

బాబుకి వైద్యం సంగతి చెప్తాను. కాల్‌మన్ అని తేలినా, తేలీ తేలకుండా ఉన్నా, వాడి వయసు పిల్లల వెనకే వాడినీ నడిపించొచ్చు. చాలా తక్కువ మోతాదులో టెస్టోస్టిరాన్ మొదలుపెట్టి రెండు మూడేళ్లలో మెల్లగా పెంచుతారు, ఎందుకంటే ఒక్కసారిగా ఎక్కువ ఇస్తే ఎముకలు త్వరగా ముదిరి ఎత్తు ఆగిపోవచ్చు. సందేహం ఉన్న పిల్లలకి కొన్ని నెలలు ఇచ్చి ఆపి చూడటం కూడా ఉంది. నాన్న పోలికతో ఆలస్యమైతే ఆపాక ఒళ్లు తనంతట తాను అందుకుంటుంది. బీజాలు మరీ చిన్నగా ఉన్న పిల్లలకి భవిష్యత్తులో సంతానం దృష్టిలో పెట్టుకుని ముందే ఎఫ్‌ఎస్‌హెచ్, తర్వాత హెచ్‌సీజీ ఇచ్చే పద్ధతి కొన్ని చోట్ల ఉంది, ఖర్చు ఎక్కువ, ఇంజెక్షన్లు ఎక్కువ, మీవాడికి అది అవసరమా అని డాక్టర్‌ని తప్పకుండా అడగండి. కాల్‌మన్ ఉన్నవాళ్లలో కొద్దిమందికి, సుమారు పదిమందిలో ఒకరిద్దరికి, కొన్నేళ్ల వైద్యం తర్వాత సొంత హార్మోన్లు మొదలవుతాయి కూడా. వాసన మాత్రం మందులతో రాదు. ఒకే కిడ్నీ ఉందన్న కారణంతో హార్మోన్ వైద్యం ఆపాల్సిన పని లేదు.

ఆ ఒక్క కిడ్నీ సంగతి కూడా చెప్పేస్తాను. ఏడాదికోసారి బీపీ, మూత్రంలో ప్రొటీన్, రక్తంలో క్రియాటినిన్ చూపించండి. స్కాన్‌లో కుడి కిడ్నీ మామూలుకంటే పెద్దగా ఉందని రాస్తే కంగారు పడొద్దు, రెండింటి పని ఒకటే చేస్తోంది కాబట్టి పెరుగుతుంది, అది మంచి గుర్తే. కాలు బెణికినా తలనొప్పి వచ్చినా మెడికల్ షాపులో అడిగి బ్రూఫెన్, డైక్లోఫెనాక్ లాంటివి వేయొద్దు. క్రికెట్, ఈత, పరుగు ఏదీ మాన్పించనక్కర్లేదు, కబడ్డీ, కరాటే లాంటివాటికి మాత్రం డాక్టర్‌ని ఒక మాట అడగండి.

మీకు ఇక ఉపయోగపడదు గానీ, ఇప్పుడే బిడ్డ పుట్టినవాళ్లు ఎవరైనా చదువుతుంటే వాళ్ల కోసం. మగబిడ్డ పుట్టాక మొదటి ఆరు నెలల్లో హార్మోన్లు ఒకసారి పెరిగి మళ్లీ తగ్గిపోతాయి, మినీ ప్యూబర్టీ అంటారు. బిడ్డకి బీజాలు రెండూ దిగకుండా, అంగం మరీ చిన్నగా ఉంటే, దానికి తోడు ఒక కిడ్నీ లేకపోతే, మొదటి రెండు మూడు నెలల్లోనే ఒక రక్తపరీక్షతో చాలావరకు తెలుసుకోవచ్చు. ఆ కిటికీ మూసుకుంటే మళ్లీ పద్నాలుగేళ్లు ఆగాలి. బీజాల ఆపరేషన్ కూడా ఇప్పుడు ఏడాది, ఏడాదిన్నర లోపే చేయించమంటున్నారు.

ఆడపిల్లల సంగతి వేరుగా చెప్పాలి, ఎందుకంటే అక్కడ కిడ్నీ ఇంకా ఎక్కువ సంగతులు చెప్తుంది, మనవాళ్లు ఇంకా ఎక్కువ దాస్తారు. రెండు కిడ్నీలు కింద అతుక్కుని గుర్రపు నాడాలా ఉన్నాయని స్కాన్‌లో వచ్చి, పిల్ల ఈడు పిల్లలకంటే బాగా పొట్టిగా ఉంటే, టర్నర్ సిండ్రోమ్, అంటే రెండు ఎక్స్ క్రోమోజోముల్లో ఒకటి లేకపోవడమో లోపించడమో, దాని కోసం క్రోమోజోముల పరీక్ష చేయించాలి. ఇది సుమారు రెండు, రెండున్నర వేల మంది ఆడపిల్లల్లో ఒకరికి ఉంటుంది, వాళ్లలో దాదాపు మూడోవంతు మందికి కిడ్నీల తేడా ఉంటుంది. త్వరగా తెలిస్తే ఎత్తు కోసం గ్రోత్ హార్మోన్, గుండె పరీక్ష, సరైన వయసులో ఈస్ట్రోజన్, అన్నీ సమయానికి జరుగుతాయి. ఇంకో రకం, ఒళ్లంతా ఎదిగి ఛాతీ కూడా వచ్చి పదిహేను దాటినా పెద్దమనిషి కాకపోవడం. వాళ్లలో కొందరికి అండాశయాలు మామూలుగానే ఉంటాయి గానీ గర్భసంచి ఏర్పడి ఉండదు, వాళ్లలోనూ కొంతమందికి ఒక కిడ్నీ ఉండదు.

అందరూ పొరబడేది మూడో రకం దగ్గర. ఒకే కిడ్నీ ఉన్న అమ్మాయి సమయానికే రజస్వల అవుతుంది, ఫంక్షన్ కూడా చేస్తారు, ఆ తర్వాత కొన్ని నెలలకి ప్రతి నెలా నొప్పి పెరుగుతూ పోతుంది. అందరికీ ఉండేదేలే అని కషాయాలు ఇస్తారు. కొందరిలో గర్భసంచి రెండుగా ఏర్పడి, కిడ్నీ లేని వైపు దారి మూసుకుపోయి, ఆ వైపు రక్తం బయటికి రాలేక లోపలే పేరుకుంటుంది. రెండో వైపు నుంచి నెలసరి మామూలుగా వస్తుంది కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. చిన్న ఆపరేషన్‌తో ఆ అడ్డు తీసేయొచ్చు, ఆలస్యమైతే లోపల పాడవుతుంది. అందుకని ఒకే కిడ్నీ ఉన్న ప్రతి ఆడపిల్లకీ వయసుకొచ్చే రోజుల్లో గర్భసంచి స్కాన్ ఒకటి తీయించమని నేను చెప్తాను. అలాగే స్టెరాయిడ్లకి లొంగని నెఫ్రోటిక్ జబ్బుతో (మూత్రంలో ప్రొటీన్ బాగా పోయే కిడ్నీ జబ్బు) ఉన్న అమ్మాయి పద్నాలుగైనా వయసుకు రాకపోతే క్రోమోజోమ్ పరీక్ష అడగండి, అందులో కొందరికి లోపలి గ్రంథుల్లో కంతి వచ్చే ప్రమాదం ఉంటుంది.

ఇక మీ పాప. మీ ఇంట్లోది అనోస్‌మిన్ జీన్ లోపమే అయితే అది ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉంటుంది కాబట్టి మీ అమ్మగారి నుంచి మీకూ మీ తమ్ముడికీ వచ్చి ఉండాలి. ఆడవాళ్లకి రెండు ఎక్స్‌లు ఉంటాయి, ఒకటి బాగుంటే సాధారణంగా ఏ ఇబ్బందీ రాదు. పాపకి ఆ లోపం అంది ఉండే అవకాశం సగం, అంది ఉన్నా మామూలుగా వయసుకు రావడానికే ఎక్కువ అవకాశం. ఇప్పుడే ఆమెకి జీన్ పరీక్ష చేయించే తొందర లేదు, ముందు బాబుకో తమ్ముడికో చేయించి ఏ జీన్‌లో తేడా ఉందో తెలిస్తే, పాప పెద్దయ్యాక తనే నిర్ణయించుకుంటుంది. తమ్ముడికి వైద్యంతో పిల్లలు పుడితే, ఈ జీన్ అయితే కొడుకులకి రాదు, కూతుళ్లందరికీ అందుతుంది. మిగతా జీన్ల లెక్కలు వేరు, కొన్నిటిలో మేనరికం పెళ్లిళ్లు ప్రమాదాన్ని పెంచుతాయి, కాబట్టి ఊహించుకుని ఎవరికీ ఏదీ చెప్పకండి. ఎలక్ట్రానిక్ సిటీలో ఉన్న సెంటర్ ఫర్ హ్యూమన్ జెనెటిక్స్‌లో జెనెటిక్ కౌన్సెలింగ్ ఉంది, మీ డాక్టర్ చీటీతో అక్కడ మాట్లాడొచ్చు. పరీక్షలో ఏమీ దొరకకపోయినా కాల్‌మన్ కాదని అర్థం కాదు, దాదాపు సగం మందిలో ఇప్పటికీ జీన్ దొరకదు. ఈ "మీ అమ్మ వైపు నుంచి వచ్చింది" అన్న మాట మీ ఇంట్లో ఎలా వాడతారో నాకు తెలియదు గానీ, మీ ఆయన్ని కౌన్సెలింగ్‌కి వెంట తీసుకెళ్లండి, ఆ మాట డాక్టర్ నోటి నుంచి ఆయనే నేరుగా వింటే మీకు సగం బరువు తగ్గుతుంది.

ఈ వారమే చేయాల్సింది ఇంకొకటి ఉంది. వంటింట్లో గ్యాస్ లీక్ అలారం పెట్టించండి, తమ్ముడి ఇంట్లో కూడా. సిలిండర్ గ్యాస్‌కి కలిపే ఆ ఘాటు వాసనే మనకి హెచ్చరిక, అది వీళ్లిద్దరికీ తెలియదు. పాచిపోయిన కూరా తెలియదు, కాబట్టి ఫ్రిజ్‌లో గిన్నెల మీద తేదీ రాసి పెట్టే అలవాటు చేయండి.

బాబుకి ఏం చెప్పాలని మీరు అడగలేదు, అయినా చెప్తున్నాను. వాడికి పద్నాలుగేళ్లు, వాడికి అన్నీ అర్థమవుతాయి, బాత్‌రూమ్‌లో మిగతా పిల్లల్ని చూసి పోల్చుకునే ఉంటాడు, క్లాసులో ఏదో ఒక పేరు పెట్టి ఏడిపించే ఉంటారు. జ్వరానికని చెప్పి తీసుకెళ్లొద్దు. "నీ ఎదుగుదల కాస్త ఆలస్యమైంది, దానికి డాక్టర్లు ఉన్నారు, మందులు ఉన్నాయి, ఒకసారి చూపిద్దాం" అని నేరుగా చెప్పండి. డాక్టర్ బట్టలు తీయించి చూస్తారని కూడా ముందే చెప్పండి, ఆ సమయంలో గదిలో అమ్మ ఉండాలో నాన్న ఉండాలో లేక ఎవరూ వద్దో వాడినే అడగండి.